క్లిప్-ఆన్ ఏరో బార్లు: 1000 కి.మీ. బీఆర్‌ఎంకి బిగించాలా? బిగిస్తే ఎలా?

తారురోడ్డు:
అందరికీ నమస్కారం. బీఆర్‌ఎంలు (గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడ్లు) 600 కి.మీ. వరకు పూర్తయ్యాయి, ఇక 1000 (గడువు 75 గంటలు). దారి ఎక్కువ భాగం ఎన్‌హెచ్ 44 మీదే, హైదరాబాద్ నుంచి దక్షిణానికి వెళ్లి తిరిగి రావడం. సైకిల్ ఎండ్యూరెన్స్ ఫ్రేమ్. అల్యూమినియం డ్రాప్ బార్, మధ్యలో 31.8 మి.మీ. గుండ్రం, 100 మి.మీ. స్టెమ్ (హ్యాండిల్‌ని సైకిల్‌కి కలిపే ముక్క), 28 టైర్లు. దూరం పెరిగే కొద్దీ రెండు చేతుల్లోనూ చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతున్నాయి. ఎదురుగాలిలో డ్రాప్స్ (హ్యాండిల్ కింది వంపు) పట్టుకుని ఎక్కువసేపు ఉండలేను.
ఈ రెండిటికీ ఏరో బార్లు (హ్యాండిల్‌కి బిగించి, ముంజేతులు ఆనించి ముందుకి వాలి తొక్కే బార్లు) పనికొస్తాయా? మన వేగాలకి గాలి దగ్గర నిజంగా ఏమైనా మిగులుతుందా? ముందు బ్యాగు, లైటు ఎక్కడ పెట్టుకోవాలి?

గేర్‌వైరు:
తిమ్మిరి కోసమే కొనేట్టయితే కాస్త ఆగండి. ఆ రెండు వేళ్లంటే అల్నార్ నరం. అరచేతిలో చిటికెన వేలి వైపు, మణికట్టు దగ్గర అది నొక్కుకుపోతోంది. ఏరో బార్లు బిగించినా సగానికి పైగా సమయం చేతులు హుడ్స్ (బ్రేక్ లివర్ల పైనుండే రబ్బరు పట్టు) మీదే ఉంటాయి కాబట్టి ముందు అక్కడి సంగతి చూడాలి.
సీటు ముక్కు బాగా కిందికి వాలి ఉందేమో చూడండి. అలా ఉంటే ఒళ్లు ముందుకు జారుతూనే ఉంటుంది, ఆపే భారం అరచేతుల మీద పడుతుంది. సీటు సమంగా, మహా అయితే ఒకటి రెండు డిగ్రీల వాలు. హుడ్స్ పట్టుకున్నప్పుడు మణికట్టు పక్కకి గానీ వెనక్కి గానీ విరిగినట్టు ఉండకూడదు. టైర్లలో గాలి టైరు మీద రాసిన గరిష్ఠం దాకా కొట్టే అలవాటుంటే తగ్గించండి, సగం అదురు అక్కడే పోతుంది.
ఇవన్నీ అయ్యాక ఏరో బార్లు నిజంగా ఉపయోగమే. బరువు అరచేతుల మీంచి ముంజేతి ఎముకల మీదికి మారుతుంది. గంటకి పది పదిహేను నిమిషాలు అలా దొరికినా నరానికి ఊపిరి ఆడుతుంది.

గాలివాటం:
గాలి లెక్క నేను చెప్తాను. హుడ్స్ మీద మనిషి, సైకిల్ కలిపి సీడీఏ (గాలికి ఎంత అడ్డుపడతామో చెప్పే అంకె) 0.38 అనుకుందాం, ఎత్తుగా బిగించిన ఏరో బార్ల మీద 0.32. గాలి సాంద్రత 1.15. గాలి లేని రోజున 25 కి.మీ. వేగానికి గాలి తినే శక్తి 73 వాట్ల నుంచి 62కి దిగుతుంది. ఇది పెద్దగా తెలియదు. అదే 25 వేగం, ఎదురుగాలి 15 అయితే 187 నుంచి 158కి వస్తుంది. దాదాపు 30 వాట్లు. 600 దాటిన కాళ్లకి ఇది చాలా పెద్ద సంగతి. మనిషిని బట్టి సీడీఏ మారుతుంది, తేడా ఏ దిశలో ఉంటుందో మాత్రం మారదు.
ఘాట్ ఎక్కేటప్పుడు గంటకి 10–12లో లాభం దాదాపు సున్నా, పైగా ఆ అరకిలో బరువు మోయాలి. గాలి తక్కువున్న రోజున ఎవరి వెనకైనా నిలకడగా తొక్కితే మిగిలేది ఇంతకంటే ఎక్కువే, కానీ 1000లో రెండో రాత్రికి వెనక నిలబడడానికి ఎవరూ మిగలరు.

ఆలెన్‌కీ:
బిగింపు గురించి. ట్రయథ్లాన్ వాళ్ల ఫొటోలు చూసి బిగిస్తే 1000లో పనికిరాదు. వాళ్లు కిందికి దిగాలని చూస్తారు, మనకి కావలసింది గంటలకొద్దీ పడుకోగలిగే చోటు. ఎత్తుగా, దగ్గరగా, వెడల్పుగా.

ఎత్తు: మోచేతి ప్యాడ్లు సీటు మట్టానికి అటూ ఇటూ ఉండేలా మొదలుపెట్టండి. ఎండ్యూరెన్స్ ఫ్రేమ్ మీద సాధారణంగా 30 మి.మీ. రైజర్లు (ప్యాడ్ల ఎత్తు పెంచే దిమ్మలు) వేస్తే దగ్గరికి వస్తుంది, 50 వేసినా తప్పులేదు. రైజర్లు విడిగా దొరికే మోడలే కొనండి. పొడవాటి బోల్టులు రైజర్లతోనే వస్తాయి, పాత పొట్టి బోల్టుతో రైజర్ బిగిస్తే మరలు నాలుగైదు చుట్లే పట్టుకుంటాయి, తెగిపోతుంది.

ప్యాడ్ తగలాల్సింది మోచేతికి కాదు, దానికి మూడు నాలుగు సెం.మీ. ముందు, ముంజేతి కండ మీద. ముంజేయి మధ్యలో తగిలితే భుజాలతో వేలాడుతున్నట్టే, అరగంటలో మెడ పట్టేస్తుంది. పై చేయి, ముంజేయి మధ్య కోణం తొంభై కంటే కొద్దిగా ఎక్కువుండాలి. ఎక్స్‌టెన్షన్ (ముందుకి పొడుచుకొచ్చే గొట్టం) చివర చేతులు చాపకుండా అందాలి, పొడవెక్కువైతే కోయండి. కార్బన్ అయితే సన్నపళ్ల రంపంతో, టేపు చుట్టి, మాస్కు పెట్టుకుని. ఎక్స్‌టెన్షన్లు 10–15 డిగ్రీలు పైకి వాలిస్తే ఒళ్లు ముందుకు జారదు. ప్యాడ్ల మధ్య వెడల్పు భుజాల వెడల్పుకి దగ్గరగా. ఇరుకైతే ఊపిరి ఇబ్బంది, హ్యాండిల్ వణుకు.

అందరూ తప్పు చేసేది సీటు దగ్గర. ఏరోలో మీకు తెలియకుండానే సీటు ముక్కు మీదికి పాకుతున్నారంటే ప్యాడ్లు మరీ దూరమయ్యాయని అర్థం. ప్యాడ్లను వెనక్కి తెచ్చే సెట్టింగ్ వాడండి, అది చాలకపోతే స్టెమ్ 80 వేయండి. సీటునే ముందుకి జరిపితే 5–10 మి.మీ. మించొద్దు, జరిపాక 2–3 మి.మీ. పైకి ఎత్తాలి. అంతకంటే జరిపితే హుడ్స్ మీద మళ్లీ అరచేతుల మీదే బరువు, మొదటికొచ్చినట్టు. నడుము ముందుకి వాలుతుంది కాబట్టి మధ్యలో గాడి ఉన్న సీటు లేకపోతే తొడల మధ్య మొద్దుబారడం ఖాయం.

క్లాంపు (ఏరో బార్లని హ్యాండిల్‌కి పట్టి ఉంచే బిగింపు): హ్యాండిల్ టేపు స్టెమ్ దగ్గర విప్పి, స్పిరిట్‌తో తుడిచి, నేరుగా లోహం మీదే బిగించాలి. టేపు మీద బిగిస్తే మెల్లగా తిరిగిపోతుంది. చాలా బార్లు స్టెమ్ దాటగానే 31.8 నుంచి సన్నబడతాయి, మీ దానికి రెండు వైపులా క్లాంపు వెడల్పంత సమమైన గుండ్రం ఉందో లేదో కొనేముందే స్కేలు పెట్టి చూడండి. టార్క్ (బోల్టు ఎంత బలంగా బిగించాలో) ఆ భాగం మీదే రాసి ఉంటుంది, ఎక్కువగా 5–6 న్యూటన్ మీటర్లు. బోల్టులు ఒక్కోటి కొంచెం కొంచెంగా, మార్చి మార్చి, రెండు వైపుల సందు సమానంగా ఉండేలా. వదులయ్యే అలవాటున్న ప్యాడ్ బోల్టులకి నీలం థ్రెడ్‌లాకర్ (మరలు వదులవకుండా పట్టే జిగురు), మిగతా వాటికి గ్రీజు. లేకపోతే మన చెమటకి రెండు ఎండాకాలాల్లో తుప్పు పట్టి కదలవు. చివరగా క్లాంపు, బార్ కలిసే చోట పెయింట్ మార్కర్‌తో గీత గీయండి, జరిగితే కంటికి కనబడుతుంది. 50 కి.మీ. తొక్కాక మళ్లీ టార్క్ చూడాలి.

రంబుల్‌స్ట్రిప్:
ఫిట్ బాగా చెప్పారు, బ్రేకుల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఏరోలో ఉన్నప్పుడు వేళ్లకి బ్రేకులు అందవు. చేతులు హుడ్స్ మీదికి వచ్చి లివర్ నొక్కే లోపు ఒక సెకను అనుకున్నా, 30 వేగంలో 8 మీటర్లు. ఎన్‌హెచ్ 44 మీద ఆ 8 మీటర్లలోకి గేదె రావచ్చు, డివైడర్ సందులోంచి రాంగ్ రూట్ బైకు రావచ్చు. ఊరి బోర్డు కనబడగానే లేచి కూర్చోండి. టోల్ ప్లాజాకి ముందు వరస గీతలు, ఫ్లైఓవర్ కీళ్లు, ధాన్యం ఆరబోసిన సర్వీస్ రోడ్డు, పక్కగాలి, లారీ దాటేసే క్షణం, దిగుడు: వీటిలో దేనిలోనూ ఏరో వద్దు. రాత్రి తెలియని రోడ్డు మీద అసలే వద్దు. గుంపులో ఒకరి వెనక ఉంటే వద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.
పారిస్–బ్రెస్ట్–పారిస్ (ఫ్రాన్స్‌లో జరిగే 1200 కి.మీ. రైడ్) ఆలోచన ఉంటే: అక్కడ ఎక్స్‌టెన్షన్లు బ్రేక్ లివర్ల ముందు అంచు దాటకూడదు, గుంపులో వాడకూడదు. దాని కోసమూ పొట్టి రకమే కొనడం మంచిది. ఇక్కడి బీఆర్‌ఎంకి ముందే నిర్వాహక క్లబ్‌ని అడగండి.
ఇంకోటి, మెడ. ఏరోలో తల పైకెత్తే ఉంచాలి. 1983లో అమెరికా అడ్డంగా దాటే రామ్ రేసులో మైకేల్ షెర్మర్ మెడ కండరాలు తల నిలబెట్టలేక చేతులెత్తేశాయి, ఆ బాధకి ఆయన పేరే స్థిరపడింది. హెల్మెట్ వైజర్ తీసేయండి, కళ్లద్దాల పై అంచు చూపుకి అడ్డొస్తుంటే ఫ్రేమ్ లేనివి వాడండి. అడ్డం ఉన్నంతసేపూ తల మరో పది డిగ్రీలు ఎత్తుతూనే ఉంటారు. తల బరువుగా అనిపించడం మొదలైతే ఆ రోజుకి ఏరో బంద్. పట్టుదలకి పోతే తల చేత్తో పట్టుకుని తొక్కాల్సి వస్తుంది.

తారురోడ్డు:
చాలా ఉపయోగం అండీ. ముందు సీటు, హుడ్స్ చూసి, తర్వాత 30 రైజర్లతో పొట్టి రకం తీసుకుంటాను. రెండు చిన్న సందేహాలు. తర్వాత కార్బన్ బార్‌కి మారితే ఇవే బిగించొచ్చా? లైటు ఎక్కడ?

ఆలెన్‌కీ:
కార్బన్ బార్ తయారీదారు క్లిప్-ఆన్ వేయొచ్చని రాతపూర్వకంగా చెప్తేనే. చెప్పకపోతే వద్దు, పైన బల్లపరుపుగా ఉండే ఏరో హ్యాండిల్ అయితే క్లాంపే పట్టదు. వేయొచ్చంటే కార్బన్ పేస్టు రాసి, బార్, క్లాంపు రెండిటి మీద రాసిన టార్కుల్లో తక్కువదానికి బిగించండి.
లైటు హ్యాండిల్ మీద ఉంచితే చేతులు, బ్యాగు నీడ రోడ్డు మీద పడుతుంది. ఫోర్క్ క్రౌన్ (ముందు చక్రం పైన ఫోర్క్ రెండు కాళ్లూ కలిసే చోటు) మీదికి దించండి, లేదా ఎక్స్‌టెన్షన్ల చివర కింది వైపు వేలాడదీయండి. రెండు ఎక్స్‌టెన్షన్లనీ కలిపే చిన్న బ్రిడ్జి దొరుకుతుంది. జీపీఎస్ దాని మీద పెడితే తల దించక్కర్లేదు, బార్ల ఊగులాట కూడా తగ్గుతుంది. బ్యాగు పట్టీలు రైజర్ల కింద సందులోంచి పోనివ్వండి, హ్యాండిల్ పూర్తిగా రెండు వైపులా తిప్పి బ్రేక్ కేబుల్ ఎక్కడా నలగట్లేదని చూసుకోండి.
ప్యాడ్ల వెల్క్రో చెమటకి ఊడిపోతుంది. వెళ్లే ముందు కొత్త వెల్క్రో అంటించి, బ్యాగులో ఒక జత స్పంజీలు, 4, 5 మి.మీ. ఆలెన్ కీలు వేసుకోండి.

గేర్‌వైరు:
రైడ్‌కి వారం ముందు బిగించొద్దు. కనీసం నెల ముందు. మొదట ట్రైనర్ (సైకిల్ బిగించి కదలకుండా తొక్కే స్టాండు) మీద, తర్వాత తెల్లవారుజామున ఖాళీ ఓఆర్‌ఆర్ సర్వీస్ రోడ్డు లాంటి చోట, పది నిమిషాలతో మొదలుపెట్టి గంట దాకా పెంచండి. సీటు, ప్యాడ్లు జరిపిన ప్రతిసారీ పాత కొలత రాసి పెట్టుకోండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, లేకపోతే మోకాలు నొప్పి సీటు వల్లో ప్యాడ్ల వల్లో తెలియదు.