కెర్రీ వాన్ ఎరిక్ కథ చదివాక తమ్ముడి గురించి భయం, సలహా చెప్పండి

టెక్సాస్ రెజ్లర్ కెర్రీ వాన్ ఎరిక్ గురించి చదువుతుంటే మనసు మెలిపెట్టినట్టుంది. 1984లో అన్న డేవిడ్ జపాన్‌లో పోయాడు. 1986లో బైక్ ప్రమాదమై కెర్రీ కుడి పాదం తీసేశారు. ఆ సంగతి ప్రేక్షకులకు తెలియనివ్వకుండా, బూటు లోపల కృత్రిమ పాదంతోనే బరిలోకి దిగాడు. 1990లో మిస్టర్ పర్ఫెక్ట్ అనే రెజ్లర్‌ని ఓడించి ఛాంపియన్ బెల్టు కూడా గెలిచాడు. నొప్పి మందుల వ్యసనం మాత్రం వదల్లేదు. తమ్ముళ్లు మైక్, క్రిస్ ఆత్మహత్య చేసుకున్నారు. 1993లో కెర్రీ కూడా. ఇదంతా కాలి నొప్పి వల్లేనంటే నాకు నమ్మబుద్ధి కావట్లేదు. పోయినవాళ్ల కోసం కరువుతీరా ఏడ్చే వీలే అతనికి దొరకలేదేమో.

మా తమ్ముడూ పహిల్వానే. నాన్న పోయాక ఎవరితోనూ మాట్లాడడు, మోకాలి నొప్పంటూ మాత్రలు మింగుతున్నాడు. క్రీడాకారులతో పనిచేసిన సైకాలజిస్టులు, ఇలాంటి దశ దాటినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: వాడితో మాట ఎలా మొదలుపెట్టాలి?