ఆరు గంటలు మాత్రమే ఆడి వదిలేసిన గేమ్‌ని బాగాలేదనొచ్చా?

మూడోలూప్:
ఈ రెండు నెలల్లో నాలుగు గేములు మొదలుపెట్టాను, పూర్తి చేసింది ఒక్కటే. అది ఓడలో గ్రహాల మధ్య తిరిగే ఔటర్ వైల్డ్స్. 22 నిమిషాలకోసారి సూర్యుడు పేలిపోతాడు, మనం మళ్ళీ చలిమంట పక్కన కళ్ళు తెరుస్తాం, అదొక లూప్. కొత్త ఆయుధం రాదు, లెవెల్ పెరగదు. పోయినసారి ఏం తెలుసుకున్నామో అదొక్కటే చేతిలో మిగిలేది. చివరి రెండు రాత్రులు నాకు సరిగ్గా నిద్ర లేదు.

ఎల్డెన్ రింగ్‌లో బయటికి రాగానే బంగారు కవచం గుర్రపు రౌతు ట్రీ సెంటినెల్ చేతిలో ఎనిమిదిసార్లు చచ్చాను. వాడి జోలికి పోకుండా పక్కనుంచి వెళ్ళిపోవచ్చని అప్పుడు వెలిగింది! ఇప్పుడు మార్గిట్ అనే బాస్ (పెద్ద శత్రువు) దగ్గర ఆగాను, మళ్ళీ వెళ్తాను. నియర్ ఆటోమాటా మొదటి ఎండింగ్ చూసి పక్కన పెట్టాను.

గొడవంతా హాలో నైట్‌తోనే. ఆరు గంటలు ఆడి తీసేశాను. మ్యాప్ ఉంటుంది, అందులో నేనెక్కడున్నానో ఉండదు. చస్తే జియో (ఆ గేమ్‌లో డబ్బు) అంతా అక్కడే పోతుంది, చివరగా కూర్చున్న బెంచీ నుంచి ఆ దారంతా మళ్ళీ నడవాలి. పైగా కదలిక నీరసం. గ్రీన్‌పాత్ అనే చోట హార్నెట్ అనే బాస్ దగ్గర ఇక ఓపిక పోయింది. ఇది చెబితే నా ఫ్రెండ్, "పూర్తి చేయనివాడివి, నీకు మాట్లాడే హక్కు లేదు" అన్నాడు. నిజంగా లేదా?

బెంచీవీరుడు:
హార్నెట్ దగ్గర ఆపారా? అయ్యో! ఆవిడని ఓడించాకే కదండీ డాష్ (ఒక్కసారిగా ముందుకు దూసుకెళ్ళే శక్తి) చేతికొచ్చేది. కదలిక నీరసం అని ఆ గుమ్మం ముందు నిలబడి అంటున్నారు మీరు. ఇక మ్యాప్ సంగతి. ఇసెల్డా కొట్లో 220 జియోకి వేవార్డ్ కంపాస్ ఉంటుంది. పెట్టుకుంటే మీరెక్కడున్నారో మ్యాప్‌లో కనిపిస్తుంది. కొనలేదా?

మూడోలూప్:
కొట్లో చూశాను. స్లై అనే ఇంకో కొట్టువాడి దగ్గరున్న 1,800 జియోల లాంతరు కోసం కూడబెడుతూ ఇది దండగ అనుకున్నాను. సరే, నా తప్పే, నవ్వుకోండి.

కానీ ఒక్క మాట. మొదట్లో మనకుండే ఛార్మ్ నాచులు (శక్తులిచ్చే తాయెత్తులు పెట్టుకునే గూళ్ళు) మూడు. కంపాస్ కూడా ఛార్మే, దానికి ఒకటి పోతుంది. దారి తప్పాలన్నదే గేమ్ ఉద్దేశమైతే కంపాస్ అమ్మడం ఎందుకు? దారి తెలియాలంటే పోరాటానికి పనికొచ్చే ఛార్మ్ ఒకటి వదులుకోవడం ఎందుకు? నేను ఆరు గంటలే ఆడాను, ఈ ప్రశ్న అరవై గంటలు ఆడినా ఇదే కదా.

పాతజాయ్‌స్టిక్:
ఆరు గంటలంటే తక్కువా? గేములమ్మే స్టీమ్ సైట్‌లో డబ్బు వాపసు అడగాలంటే కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల్లోపు ఉండాలి. ఉంచుకోవాలో వద్దో తేల్చుకోవడానికి అమ్మేవాళ్ళు మనకిచ్చిన గడువు అది. అందరం అంతలోనే తేల్చుకుంటున్నాం. "ఇరవై గంటలు ఓర్చుకుంటే బాగుంటుంది" అని చెప్పడం పొగడ్త ఎలా అవుతుందో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

ఇంకోటి. నచ్చనివాళ్ళంతా మధ్యలో లేచిపోతారు, చివరిదాకా మిగిలేది అభిమానులు. వాళ్ళ మాటే వినాలంటే ప్రతి గేమూ గొప్పదే. విసుగు ఎక్కడ పుట్టిందో చెప్పగలిగేది లేచిపోయినవాళ్ళే, పూర్తి చేసినవాళ్ళు దాన్ని ఏనాడో మరచిపోయి ఉంటారు.

నిశాచరి:
ఒప్పుకోను. ఔటర్ వైల్డ్స్‌ని మూడో లూప్‌లో వదిలేసి, "గ్రహాల చుట్టూ తిరగడం తప్ప ఏముంది" అని పదిమందికి చెప్పిన మనిషిని నేనే.

ఏడాది తర్వాత ఏదో పొద్దుపోక మళ్ళీ తెరిచాను. (ఆడనివాళ్ళు ఈ పేరా దాటేయండి.) బ్రిటిల్ హాలో అనే గ్రహం మీద నడుస్తుంటే కాళ్ళ కింద నేల విరిగింది. గ్రహం నడిమధ్యలో ఉన్న బ్లాక్ హోల్‌లో పడ్డాను. పోయాననుకున్నాను. చూస్తే ఎక్కడో దూరాన శూన్యంలో తేలుతున్నాను, ఓడ లేదు, వెనక ఒక తెల్లటి వెలుగు, కాస్త దూరంలో ఎవరో కట్టిన స్టేషన్. ఆక్సిజన్ అయిపోయేలోపు అక్కడికి చేరాలి. చేతులకి చెమట పట్టి కంట్రోలర్ జారిపోయింది. మొదటిసారి ఇంకో పది నిమిషాలు అటువైపు తిరిగుంటే ఇది అప్పుడే చూసేదాన్ని. నేను చెప్పింది విని ఆ పదిమందిలో ఎంతమంది దాన్ని ముట్టుకోలేదో!

కంట్రోల్స్, కెమెరా, అక్షరాల సైజు, వీటి గురించి చెప్పడానికి అరగంట చాలు. కథ మీద తీర్పు చెప్పాలంటే మాత్రం చివరిదాకా వెళ్ళాల్సిందే.

సగంసగం:
"చివర" అంటే ఎక్కడ? నియర్ ఆటోమాటాలో ఎ నుంచి జెడ్ దాకా 26 ఎండింగులున్నాయి. ప్రోలాగ్‌లో చచ్చినా టైటిల్స్ పడతాయి, అదీ ఒక ఎండింగే. నేను పావుగంటలో పూర్తి చేశాను. ఇప్పుడు నాకు హక్కు వచ్చినట్టేనా?

మూడోలూప్ గారూ, మీరు ఆపింది అసలు సగం కూడా కాదు. అదే కథ 9ఎస్ అనే ఇంకో పాత్రగా మరోసారి నడిచి, ఆ తర్వాత సిద్ధమవ్వండి.

నిశాచరి:
ప్రోలాగ్‌లో చచ్చి రివ్యూ రాసేవాళ్ళూ ఉన్నారు లెండి.

స్ట్రాబెర్రీ_వద్దు:
కొండెక్కే గేమ్ సెలెస్ట్‌ని అసిస్ట్ మోడ్‌లో (కష్టం తగ్గించుకునే సెట్టింగ్) గేమ్ వేగం 70 శాతానికి తగ్గించుకుని చివరిదాకా ఆడాను. కొండెక్కినట్టేనా, కాదా? నేను మాట్లాడొచ్చా?

పాతజాయ్‌స్టిక్:
భేషుగ్గా మాట్లాడండి. 70 శాతం అని ముందే చెప్పండి, చాలు. ఆరు గంటలవాళ్ళు ఆరు గంటలని చెప్పాలి, వంద గంటలు ఆడి తిట్టేవాళ్ళు వంద అని చెప్పాలి. అదైనా స్టీమ్ రివ్యూ పక్కన గంటలు కనిపిస్తూనే ఉంటాయి కదా, చదివేవాళ్ళు చూసుకుంటారు.

నిశాచరి గారికి ఒక ప్రశ్న. హాలో నైట్ చేసినవాళ్ళదే సిల్క్‌సాంగ్, 2025 సెప్టెంబర్ 4న వచ్చింది. తొలి ప్యాచ్‌లోనే (అప్‌డేట్) మూర్‌వింగ్, సిస్టర్ స్ప్లింటర్ అనే బాస్‌లతో పోరాటాలను కాస్త తేలిక చేశారు. రెండూ గేమ్ మొదట్లో వచ్చేవే. అక్కడ ఇరుక్కున్నవాళ్ళు, "పూర్తి చేశాకే నోరు విప్పుదాం" అని కూర్చుని ఉంటే ఆ మార్పు అంత త్వరగా వచ్చేదా?

నిశాచరి:
కష్టం గురించి అయితే ఒప్పుకుంటాను. "ఈ బాస్ దగ్గర ఇరుక్కున్నాను" అనడం వేరు, "ఈ గేమ్‌లో ఏమీ లేదు" అనడం వేరు. నేను చేసింది రెండోది.

మూడోలూప్:
నిన్న రాత్రి మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాను. కంపాస్ కొన్నాను. హార్నెట్ పదమూడోసారికి పడింది. డాష్ వచ్చింది. అంతకుముందు నడిచిన గదులన్నీ ఇప్పుడు పరుగే, పాత గుంతల మీంచి ఊరికే అటూ ఇటూ దూకుతూ అరగంట గడిపాను. కదలిక గురించి అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. నాచ్ గురించి అన్నది తీసుకోను.

బెంచీవీరుడు:
తర్వాతి బాస్‌లు మాంటిస్ లార్డ్స్ ముగ్గురూ మీకోసం ఎదురుచూస్తున్నారు. అక్కడ మళ్ళీ అన్‌ఇన్‌స్టాల్ చేస్తారు, అప్పుడు ఇంకో చర్చ పెడుదురుగాని.