గిజా మహా పిరమిడ్‌లో ఆ పెద్ద ఖాళీ: రహస్య గదా, కట్టడంలో భాగమా?

నైలుతీరం:
2017లో, పిరమిడ్లను తవ్వకుండా లోపల ఏముందో చూసే స్కాన్‌పిరమిడ్స్ బృందం ఈ పిరమిడ్‌లో, అంటే ఈజిప్టు రాజు ఖుఫు సమాధిలో, రాజు గదికి ఎక్కే ఎత్తైన నడవా గ్రాండ్ గ్యాలరీకి పైన కనీసం 30 మీటర్ల పొడవున్న ఖాళీ ఉందని ప్రకటించింది. ఆకాశం నుంచి వచ్చే మ్యూయాన్ కణాలు రాయిలో కొంతమేర ఆగిపోతాయి, ఖాళీ ఉన్నచోట ఎక్కువగా దాటి వస్తాయి. అలా పట్టుకున్నారు. నా దృష్టిలో అది మూసేసిన గదే. ఖుఫు శవాన్ని ఉంచారనుకునే రాజు గదిలో దొరికింది మూత లేని గ్రానైట్ పేటిక ఒక్కటే. మరి ఖుఫుతో పాటు పెట్టిన సామగ్రి ఏమైనట్టు?

కట్టుబడి:
దొంగలు పట్టుకుపోయి ఉంటారండి, ఈజిప్టు సమాధుల్లో చాలావాటికి అదే గతి. ఖాళీ ఉందంటే ఒప్పుకుంటాను, మూడు రకాల పరికరాలూ అదే చెప్పాయి. గది అనడమే తొందర. రాజు గది పైకప్పు మీద ఒకదానిపై ఒకటిగా ఐదు చిన్న అరలున్నాయి. వాటిలోకి మనిషి వెళ్లాలని కట్టలేదు. పైనున్న బరువు చదునైన గ్రానైట్ దూలాల మీద పడకుండా కట్టారు. 2023లో ఉత్తర ముఖం వెనక బయటపడిన 9 మీటర్ల నడవాలో కూడా ఏ వస్తువూ లేదు.

నైలుతీరం:
మీ పోలిక ఇక్కడ కుదరదు. గ్యాలరీ కప్పు చదునుగా లేదు. రెండు వైపులా ఒక్కో వరుస రాయి కొంచెం కొంచెం ముందుకు జరుగుతూ పైన కలుస్తుంది. బరువును అదే పక్కలకు పంపేస్తుంది. మళ్లీ దాని మీద అంత పెద్ద ఖాళీ దేనికి?

కట్టుబడి:
ఇది మంచి ప్రశ్న. అయితే రాజు గది దూలాలు కొన్ని యాభై టన్నులు దాటతాయి, దక్షిణ ఈజిప్టులోని అస్వాన్ నుంచి వచ్చినవి. వాటిని అంత ఎత్తుకు లాగడానికి వాలుదారి వదిలి, పనయ్యాక మూసేశారేమో. నాకు ఎక్కువ నమ్మకం దీని మీదే.

కొత్తసభ్యుడు:
ఇవన్నీ గ్రహాంతరవాసుల పని కాదా?

శిలాలేఖ:
కాదు. ఎర్రసముద్ర తీరంలోని వాదీ అల్ జర్ఫ్‌లో 2013లో దొరికిన ఖుఫు కాలం నాటి పపైరస్‌లలో (రెల్లుతో చేసిన కాగితాల్లో) మెరెర్ అనే అధికారి, అతని బృందం పనుల రోజువారీ లెక్కలున్నాయి. నైలు అవతలి గట్టున ఉన్న తురా గనుల సున్నపురాయిని పడవల్లో గిజాకు చేర్చిన మనుషులు వాళ్లు.

నైలుతీరం:
సరే, చిన్న రంధ్రం వేసి కెమెరా పంపితే తేలిపోతుంది కదా!

శిలాలేఖ:
దీనికి మాత్రం నేను గట్టిగా వ్యతిరేకం. 1837లో హోవర్డ్ వైజ్ అనే ఆంగ్లేయుడు రాజు గది పైనున్న ఆ అరల్లోకి వెళ్లడానికి తుపాకిమందు పేల్చాడు, ఆ గాయాలు ఇప్పటికీ ఉన్నాయి. 2002లో, రాజు గదికి కింద ఉన్న రాణి గది నుంచి పైకి వెళ్లే సన్నని సొరంగంలో అడ్డంగా ఉన్న రాయికి రంధ్రం వేస్తే వెనక ఇంకో రాయి కనిపించింది. 2023లో ఉత్తర ముఖం వెనకున్న నడవాలోకి కెమెరాను రాళ్ల మధ్య సందులోంచే పంపారు కాబట్టి సరిపోయింది. పెద్ద ఖాళీ లోపలెక్కడో ఉంది, అక్కడికి ఎంత రాయి తొలచాలి? ముందు మరిన్ని దిక్కుల నుంచి మ్యూయాన్లతో కొలవనివ్వండి. అది ఏటవాలుగా ఉందా, సమతలంగా ఉందా అన్నది తేలితే కట్టుబడి గారి వాలుదారి నిలుస్తుందో లేదో తెలుస్తుంది.