కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదు: ఎవరి దగ్గర దాచమని?

కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్నది బైబిల్‌లో మాటేనా అని ఒకరు అడిగారు. అవునండీ, మత్తయి సువార్త 6:3, యేసు చేసిన కొండమీది ప్రసంగంలోది. "నీ కుడిచెయ్యి చేయునది నీ యెడమచేతికి తెలియకయుండవలెను." చాలామంది దీన్ని గుప్తదానం అని సరిపెట్టేశారు గానీ, నాకది సగమే అనిపిస్తుంది. నలుగురిలో గొప్పకి చెయ్యొద్దన్నది దాని ముందు వచనంలోనే, బూర ఊదించుకోవద్దు అన్నచోటే అయిపోయింది. ఎడమచెయ్యి ఊళ్ళోవాళ్ళది కాదు, నాదే. నేను ఇంత చేశాను అని లోపల నేను రాసుకునే పద్దు గురించి ఈ మాట.

పరిచర్యలో, అంటే చర్చి తరపున సేవ చేసే పనిలో ఉన్నవాళ్ళకి ఇది గట్టిగా తగలాలి. బియ్యం మూట ఇస్తూ ఆ ముసలావిడని "అమ్మా, ఇటు చూడు" అని ఫోను వైపు తిప్పుతాం, ఆవిడ కొంగు సర్దుకుని తల దించుకుంటుంది. దాతలకి లెక్క చూపించాలి నిజమే, దానికి బియ్యం కొట్టు బిల్లు చాలదా, ఆవిడ ముఖం ఎందుకు? అలాగని ఫొటో తియ్యనంత మాత్రాన మనసు శుభ్రంగా ఉన్నట్టు కాదు. ఎవరికీ చెప్పకుండా నెలనెలా సాయం చేసి, ఆ ఇంటివాళ్ళు రెండు ఆదివారాలు గుడికి రాకపోతే "ఎంత చేశాం వీళ్ళకి" అని ఉక్రోషం వస్తుంది చూడండి, అక్కడ ఎడమచేతికి అంతా తెలిసిపోయింది.

అయితే ఉద్దేశం శుద్ధమయ్యేదాకా సాయం ఆపాలా అని కొందరు అడుగుతారు. వద్దండీ, ఆకలి అంతకాలం ఆగదు. మన ఒంగోలు సంగతే చూడండి. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, కోస్తా వెంబడి పడవలు నడిచే బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టుకు తీసుకుని కరువు జనానికి కూలి పని ఇచ్చాడు. బాప్తిస్మం (క్రైస్తవంలో చేరేటప్పుడు నీళ్ళలో ముంచే ఆచారం) ఇమ్మని అడిగినవాళ్ళు చాలామందే ఉన్నా, కరువు సాయం నడిచినన్నాళ్ళూ ఇవ్వలేదు, తిండి కోసం వచ్చారన్న అనుమానానికి చోటివ్వకూడదని. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన సంఘాల్లో అందరూ ఆ అంకెనే చెప్పుకుంటారు. నాకు మాత్రం దానికి ముందు అన్నిరోజులు ఆయన కాదని చెప్పడమే పెద్ద విషయంగా కనిపిస్తుంది. అలా వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మాదిగలు, వాళ్ళు మర్యాద కోసం కూడా వచ్చారని కొందరు తప్పు పడతారు, మనిషిగా చూడమని కోరుకోవడం దురుద్దేశం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. పరీక్షించుకోవాల్సింది పెట్టే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి కాదు.

నేనైతే మా సంఘంలో ఒకటే అడుగుతున్నాను, బియ్యం పంచే మనిషి చేతికి ఆదివారం హాజరు పుస్తకం ఇవ్వొద్దని. ఇంకా ఒప్పుకోలేదు, అడుగుతూనే ఉన్నాను.