వనభోజనం పరుగులో గుర్తుల మధ్య ఎంత దూరం ఉండాలి? ఆదివారం లోపు సలహా కావాలి

కొత్తకుందేలు:
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో పరుగెత్తేవారు, నడిచేవారు కలిసి ఆదివారం పొద్దున్నే బయలుదేరే చిన్న బృందం మాది. ఈ కార్తీకంలో వనభోజనంతో పాటు కుందేలు పరుగు కూడా పెట్టుకుందామని నిర్ణయించుకున్నాం. అంటే ‘కుందేలు’ అనే ఒకరు ముందుగా వెళ్ళి నేల మీద గుర్తులు వేస్తారు, మిగిలినవారు వాటిని వెతుక్కుంటూ వస్తారు. వికారాబాద్ దగ్గర, అనంతగిరి కొండల దిగువన ఉన్న పొలాల మధ్య 5 కిలోమీటర్ల దారి ఎంచుకున్నాం. చివర ఒక తోటలో ఉసిరిచెట్టు కింద భోజనం ఉంటుంది. దారి వేసే కుందేలు బాధ్యతను నాకు అప్పగించారు.

నిన్న నలుగురితో కలిసి ఒకసారి పరీక్షించి చూశాను. మొదటి కిలోమీటరు వరకు గుర్తులు బాగానే దొరికాయి. ఆ తరువాత ఒక్కటీ కనిపించలేదు. ఇద్దరు ఎడమకు తిరిగి చెరువుకట్ట మీదికి చేరారు, ఒకరు పత్తిచేల మధ్య దారి తప్పారు, అందరం మళ్ళీ ఒకచోట కలుసుకునేసరికి మూడు గంటలు పట్టింది. రాత్రి పది గంటల నుంచి పటం ముందు పెట్టుకుని కూర్చున్నాను, ఇప్పుడు రెండు దాటింది. 75 మీటర్లకు ఒక గుర్తు వేశాను. దాన్ని 50కి తగ్గించాలా, 25కి తగ్గించాలా? వచ్చే ఆదివారం 45 మంది వస్తున్నారు, వారిలో పిల్లలు, పెద్ద వయసు వారు కూడా ఉన్నారు. దయచేసి ఎవరైనా సరైన దూరం చెప్పండి.

బాట:
దేనితో వేశారు? ఎప్పుడు వేశారు?

పాతబాటసారి:
దూరం గురించి మాట్లాడే ముందు ఈ ఆట ఎందుకు పుట్టిందో తెలుసుకుంటే మీ సమస్యలో సగం తీరుతుందని నా నమ్మకం. 1938లో కౌలాలంపూర్‌లో ఎ. ఎస్. గిస్పర్ట్, ఆయనతో పాటు మరికొందరు బ్రిటిష్ ఉద్యోగులు దీనిని మొదలుపెట్టారు. వారు భోజనం చేసే మెస్సుకు ఉన్న ముద్దుపేరే హ్యాష్ హౌస్, దాని నుంచే వారి సంఘానికి హ్యాష్ హౌస్ హ్యారియర్స్ అన్న పేరు వచ్చింది. గిస్పర్ట్ 1942లో సింగపూర్ యుద్ధంలో మరణించారు. యుద్ధం ముగిశాక మిగిలినవారు పరుగును తిరిగి ప్రారంభించారు, తరువాత అది ప్రపంచమంతటా పాకింది. 1950లో అక్కడ సంఘాన్ని నమోదు చేయించినప్పుడు రాసుకున్న లక్ష్యాలలో ఒకటి నాకు ఎంతో ఇష్టం: పెద్ద వయసు సభ్యులకు తాము అనుకుంటున్నంత ముసలివారం కామన్న నమ్మకం కలిగించడం.

ఇది పందెం కాదు. ముందు పరుగెత్తేవారు తప్పుదారిలో పోయి వెనక్కి వచ్చేలోపు నడిచేవారు వారిని కలుసుకోవాలన్నదే దీని ఏర్పాటు. అందుకే దారిలో అక్కడక్కడ ఒక వలయం గీసి, అక్కడ గుర్తులు ఆపేస్తారు. వేగంగా పరుగెత్తేవారు నాలుగు దిక్కులా వెతుకుతారు, అసలు దారి దొరికినవారు ‘ఆన్ ఆన్’ అని గట్టిగా కేక వేస్తారు, మిగిలినవారు ఆ కేక విని తిరిగి వస్తారు. మీ పరీక్షలో అలాంటి వలయాలు ఉన్నాయా, లేక గుర్తులు వరుసగా వేసుకుంటూ పోయారా? వలయాలు లేకపోతే అది దారి చూపించడమే అవుతుంది కానీ కుందేలు పరుగు అవదు.

కొత్తకుందేలు:
వలయాలు ఉన్నాయండి, మూడు. రెండవ వలయం మూడు దారులు కలిసే చోట వేశాను. అది కూడా కనిపించలేదు.

బాట:
నా రెండు ప్రశ్నలకూ జవాబు రాలేదు.

లెక్కలమాస్టారు:
వలయాలు మూడు సరిపోవు. లెక్క చూద్దాం. నడిచేవారు గంటకు 5 కిలోమీటర్లు నడుస్తారనుకుంటే మీ దారి వారికి 60 నిమిషాలు పడుతుంది. పరుగెత్తేవారు గంటకు 9 కిలోమీటర్ల వేగంతో పోతే దాదాపు 33 నిమిషాలలో ముగిస్తారు. మధ్య తేడా 27 నిమిషాలు. అందరూ ఒకేసారి ఉసిరిచెట్టు కిందికి చేరాలంటే పరుగెత్తేవారు ఆ 27 నిమిషాలను ఎక్కడో ఒకచోట ఖర్చు చేయాలి, అంటే దాదాపు 4 కిలోమీటర్లు అదనంగా పరుగెత్తాలి. ఒక్కొక్క తప్పుదారి పోను 250 మీటర్లు, రాను 250 మీటర్లు అనుకుంటే ఎనిమిది వలయాలు కావాలి. మీరు వేసినవి మూడే కాబట్టి, గుర్తులన్నీ కనిపించినా, పరుగెత్తేవారు నడిచేవారికంటే పావుగంట ముందే వచ్చి ఆకలితో కూర్చునేవారు.

పాతబాటసారి:
మాస్టారూ, మీ లెక్క కాగితం మీద సరైనదే కానీ ఒక విషయం వదిలేశారు. వలయం దగ్గర పదిమంది నాలుగు దిక్కులా విడిపోయినప్పుడు వారిలో ఒకరికి అసలు దారి వెంటనే దొరుకుతుంది. ఆ ఒక్కరికి అదనపు దూరం ఏమీ ఉండదు. అందువల్ల ఎనిమిది వలయాలు వేసినా మీరు చెప్పిన 4 కిలోమీటర్లు ఎవరికీ పూర్తిగా పడవు. దీనికి మందు మధ్యలో ఒకటి రెండు నిలుపుదల గుర్తులు పెట్టడం. అక్కడ అందరూ ఆగి, చివరి మనిషి వచ్చేవరకు నీళ్ళు తాగుతూ మాట్లాడుకోవాలి. పిల్లలు వస్తున్నారంటే ఇది తప్పనిసరి అని నేను అంటాను.

వికారాబాద్‌వాసి:
నేను అక్కడి పక్క ఊరివాడిని. దూరం, వలయాలు అన్నీ తరువాత చూసుకోవచ్చు. మూడు దారులు కలిసే చోట వలయం గీసి వెళ్ళారని మీరే రాశారు. మా ఊళ్ళలో అలాంటి చోట తెల్లవారుజామున అలాంటి గుర్తు కనిపిస్తే దానిని ఆటగా ఎవరూ అనుకోరు. చేతబడి అనో, ఎవరో దిష్టి తీసి పారేశారనో అనుకుంటారు. ఆ దారిన పశువులను తోలుకెళ్ళే మనిషి దానిని దాటడానికి భయపడతాడు, లేదా చీపురుతో ఊడ్చి పైన నీళ్ళు చల్లుతాడు. మీ రెండవ వలయం మాయమైంది అలాగేనని నా అనుమానం. ఊరివారికి ముందుగా చెప్పారా?

కొత్తకుందేలు:
తోట యజమానికి చెప్పానండి. ఊరిలో ఎవరికీ చెప్పలేదు. ఈ కోణం నాకు తట్టనే లేదు.

పాతబాటసారి:
ఇలాంటి అపార్థాలు మన దగ్గరే కాదు. 2007లో అమెరికాలోని న్యూ హేవెన్‌లో ఇద్దరు ఇదే ఆట కోసం ఒక పెద్ద దుకాణం వాహనాల ఆవరణలో పిండితో గుర్తులు వేశారు. 2001లో ఉత్తరాలలో ఆంత్రాక్స్ పొడి వచ్చిన సంఘటనలు అక్కడివారికి ఇంకా గుర్తున్న కాలం అది. తెల్లపొడి చూసి దుకాణం ఖాళీ చేయించారు, ఆ ఇద్దరి మీద కేసు కూడా పెట్టారు. ఒక్కొక్క చోట ఒక్కొక్క భయం ఉంటుంది. దారి వేసేవారు అక్కడ ఉండేవారి కళ్ళతో చూడాలి.

ముగ్గులక్క:
బాట గారు అడిగిన మొదటి ప్రశ్ననే నేనూ అడుగుతున్నాను. ఏ పొడి వాడారో చెప్పకుండా ఎవరు మాత్రం ఏం సలహా ఇవ్వగలరు? బియ్యప్పిండి అయితే చీమలు, పిచ్చుకలు ఉదయానికి శుభ్రంగా తినేస్తాయి. మన పెద్దలు ఇంటి ముందు బియ్యప్పిండితో ముగ్గు వేసింది అవి తినాలనే. అది నిలిచి ఉండాలన్న ఉద్దేశం ఏనాడూ లేదు. ముగ్గురాయి పొడి అయితే చీమలు ముట్టవు, రెండు రోజులైనా ఉంటుంది. సున్నం మాత్రం వద్దు. తడి తగిలితే చర్మం మండుతుంది, పిల్లల కళ్ళలో పడితే చాలా ప్రమాదం.

కొత్తకుందేలు:
క్షమించాలి, ఇది ముఖ్యమని అనుకోలేదు. బియ్యప్పిండే వాడాను, ఇంట్లో 3 కిలోలు ఉంటే తీసుకెళ్ళాను. శనివారం సాయంత్రం అయిదు గంటలకు వేశాను. ఆదివారం పొద్దున ఏడు గంటలకు పరుగు మొదలుపెట్టాం.

బాట:
పద్నాలుగు గంటలు. అదే కారణం. దూరం కాదు.

ముగ్గులక్క:
అదే నేనన్నది. ముగ్గుపిండి వాడి ఉంటే ఈ ఇబ్బంది వచ్చేది కాదు.

లెక్కలమాస్టారు:
అక్కా, ముగ్గుపిండి అంటే బియ్యప్పిండే కదా? మీరే ఒకసారి బియ్యప్పిండి వద్దని, మరొకసారి ముగ్గుపిండి మేలని అంటున్నారు. చదివేవారు ఏది కొనాలి?

ముగ్గులక్క:
మా ఇంట్లో ముగ్గుపిండి అంటే రాయి దంచిన పొడి. దుకాణంలో కిలోల లెక్కన అమ్మేది అదే. తినేదాన్ని మేము వరిపిండి అంటాం.

లెక్కలమాస్టారు:
మా ఇంట్లో పండగనాడు వాకిట్లో వేసేది వరిపిండి. దానినే ముగ్గుపిండి అనేవారు. పిండి అన్న మాట వచ్చాక అది ధాన్యం నుంచి రావాలి. రాతి నుంచి వచ్చేది పొడి. మాట సరిగా వాడకపోతే మరొకరు కూడా ఇంట్లో ఉన్న బియ్యప్పిండినే పట్టుకెళతారు.

వికారాబాద్‌వాసి:
దుకాణంలో ‘ముగ్గురాయి పొడి’ అని అడిగితే చాలు, ఎవరూ పొరపడరు. ఇంకొక మాట. ఈ నెలలో మా వైపు తెల్లవారేసరికి మంచు బాగా పడుతుంది. చేలగట్ల మీద గడ్డి తడిసి ఉంటుంది. చీమలు వదిలిపెట్టిన బియ్యప్పిండి కూడా ముద్దయి మట్టిలో కలిసిపోతుంది. పైగా ఉదయం ఆరు నుంచి మేకలు, గొర్రెలు ఆ దారుల్లోనే పోతాయి. పిండి కనిపిస్తే నాకుతాయి, లేకపోతే గిట్టలతో తొక్కేస్తాయి. ఎర్రమట్టి దారి మీద తెల్లపొడి బాగా కనిపిస్తుంది కానీ, ఎండిన గడ్డి మీద, పత్తి ఏరిన చేను పక్కన మాత్రం కనిపించదు. నేల మీద రాలిన దూదిని కూడా మీవాళ్ళు గుర్తు అనుకుని అటు తిరిగి ఉంటారు. పత్తిచేలలో ఒకరు తప్పిపోయారన్నారు కదా.

కొత్తకుందేలు:
అవునండి, సరిగ్గా అదే జరిగింది. ఆయన తెల్లగా కనిపించినదాని వెంట వెళ్ళారు.

పాతబాటసారి:
గడ్డి ఉన్న చోట రంగు గుడ్డపేలికలు కొమ్మలకు కట్టండి. వెనుక నడిచే ఆఖరి మనిషికి వాటిని విప్పుకుంటూ రమ్మని చెప్పండి. పూర్వం ఈ ఆటలో కాగితం ముక్కలు చల్లేవారు, మనం పొలాల్లో ఆ పని చేయకూడదు. ఇక మీరు అడిగిన దూరం: మలుపులు లేని చోట 50 మీటర్లు, మలుపు దగ్గర 20 మీటర్లు చాలు. మలుపు తిరిగిన వెంటనే ఒక గుర్తు తప్పక ఉండాలి. వలయం దాటాక ఎంత దూరం వెతికితే మొదటి గుర్తు దొరుకుతుందో, ఎన్ని గుర్తులు వరుసగా దొరికితే అది అసలు దారి అవుతుందో, తప్పుదారి చివర ఏ గుర్తు ఉంటుందో బయలుదేరే ముందు అందరినీ నిలబెట్టి చెప్పాలి. ఈ పద్ధతులు ఒక్కొక్క బృందంలో ఒక్కొక్క విధంగా ఉంటాయి కాబట్టి, వేరేచోట పరుగెత్తి వచ్చినవారు మీ గుర్తును తమ అలవాటు ప్రకారం చదువుకుంటారు. మా వద్ద మూడు గుర్తులు వరుసగా దొరికితేనే అసలు దారి. వేటకుక్కలకు ఇది ముందే తెలియకపోతే వలయం దగ్గరే గొడవ మొదలవుతుంది.

లెక్కలమాస్టారు:
మనుషులను వేటకుక్కలు అనడం నాకు నచ్చలేదు. పెద్దవారు, పిల్లలు వస్తున్న బృందం ఇది.

పాతబాటసారి:
అది ఆటలో పాతుకుపోయిన మాట, అవమానించడం కాదు. కుందేలు ఉన్నప్పుడు దానిని వెతికేవి ఉండాలి కదా.

ముగ్గులక్క:
‘వెతికేవాళ్ళు’ అంటే సరిపోతుంది. అసలు విషయానికి వద్దాం. మాస్టారి లెక్కనే వాడదాం: 5 కిలోమీటర్ల అసలు దారి, మీ తప్పుదారులన్నీ కలిపి మరొక కిలోమీటరు, మొత్తం 6 కిలోమీటర్లు. సగటున 40 మీటర్లకు ఒక గుర్తు అంటే 150 గుర్తులు. ఒక్కొక్క దానికి 40 గ్రాముల గుప్పెడు పొడి అనుకుంటే 6 కిలోలు. మీరు తీసుకెళ్ళిన 3 కిలోలతో గుర్తులు పలచగా పడి ఉంటాయి. వలయాలతో కలిపి 8 కిలోలు కొనండి, భుజానికి సంచి వేసుకోండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. రాతిపొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

బాట:
ఆదివారం తెల్లవారుజామున వేయండి. ముందు రోజు వద్దు.

వికారాబాద్‌వాసి:
చీకట్లో ఒంటరిగా వెళ్ళవద్దు. టార్చిలైటు, చేతికర్ర, బూట్లు ఉండాలి, చేలగట్ల మీద పాములు తిరుగుతాయి. అన్నిటికంటే ముందు శనివారం ఊరికి వెళ్ళి సర్పంచ్‌కు, ఆ దారి పక్క రైతులకు, గొర్రెల కాపరులకు చెప్పండి. కంది చేను ఇప్పుడు పూత మీద ఉంటుంది, దానిలోంచి ఎవరూ అడ్డంగా పరుగెత్తకూడదు. తప్పుదారులన్నీ బండిబాటల మీదే వేయండి, చేలలోకి వేయకండి. కూడలిలో గుండ్రంగా గీయడం మానేసి, ఆ గుర్తును కూడలికి 30 మీటర్ల ముందే దారి మధ్యలో వేస్తే ఎవరికీ భయం కలగదు. అడవి శాఖ పరిధిలోకి దారి పోతుందా? పోతే అనుమతి కావాలి.

కొత్తకుందేలు:
అడవిలోకి పోదండి, పొలాల వరకే. అందరికీ కృతజ్ఞతలు. ముగ్గురాయి పొడి 8 కిలోలు తెచ్చాను. ఆదివారం నాలుగు గంటలకు ఇద్దరం కలిసి వేస్తాం. ఆరు వలయాలు, రెండు నిలుపుదలలు పెడుతున్నాను.

లెక్కలమాస్టారు:
ఆరు కాదు, ఎనిమిది పెట్టండి.

వికారాబాద్‌వాసి:
సర్పంచ్‌తో మాట్లాడారా?