ముక్తినాథ్ యాత్ర: పోఖరా నుంచి ఒక్క రోజులోనే పైకి వెళ్లవచ్చా?

ప్రశ్న:
అక్టోబరులో అమ్మానాన్నలను నేపాల్‌లోని ముక్తినాథ్ దర్శనానికి తీసుకువెళ్లాలనుకుంటున్నాను. ఇద్దరూ అరవై దాటినవారు. అమ్మ బీపీకి, షుగరుకు మందులు వాడుతున్నారు. ట్రావెల్స్ వారు ఉదయం పోఖరాలో జీపు ఎక్కించి, రాత్రికి గుడి దిగువనున్న రాణీపౌవాలో బస ఇచ్చి, మర్నాడు తెల్లవారుజామునే 108 ధారల కింద స్నానం, దర్శనం చేయిస్తామంటున్నారు. ఎత్తు ప్రదేశాల్లో వచ్చే అనారోగ్యం రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర వేసుకుంటే ఇబ్బంది ఉండదట. నమ్మవచ్చా?

మొదటి సమాధానం:
మాత్ర సంగతి తరువాత, ముందు ఆ బస మార్పించండి. పోఖరా సుమారు 800 మీటర్ల ఎత్తున ఉంటే రాణీపౌవా దాదాపు 3,700 మీటర్ల ఎత్తున ఉంది. పైకి వెళ్లేకొద్దీ గాలి పీడనం తగ్గి ఊపిరికి అందే ఆక్సిజన్ తగ్గుతుంది. ఆ లోటుకు శరీరం అలవాటు పడడానికి రోజులు పడుతుంది కనుక, పగలు ఎంత ఎత్తుకు వెళ్లామన్నదాని కంటే రాత్రి ఎంత ఎత్తున నిద్రపోయామన్నదే ముఖ్యం. దారిలో 2,700 మీటర్ల ఎత్తున ఉన్న జోమ్‌సోమ్‌లో రెండు రాత్రులు ఉండి, దర్శనానికి పగలు వెళ్లి సాయంత్రానికి దిగివచ్చేలా ఏర్పాటు చేయమనండి. ట్రావెల్స్ వారికి ఒక రోజు మిగలడమే తప్ప, వారి పద్ధతిలో మీకు కలిసొచ్చేదేమీ లేదు.

రెండవ సమాధానం:
నేను వైద్యుణ్ణి. డయామాక్స్ సాధారణంగా 125 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచే ఇస్తాం. సల్ఫా మందులు పడనివారు, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే బీపీ మాత్రలు వాడేవారు తమ డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. తలనొప్పితో పాటు వికారమో, తల తిరగడమో ఉంటే ఇంకా పైకి వెళ్లకండి. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, నడకలో అడుగు తడబడుతున్నా, మాటలో పొంతన లేకున్నా మాత్రం తెల్లవారేదాకా ఆగకుండా అర్ధరాత్రయినా కిందికి దింపాలి. నిద్రమాత్రలు వద్దు. ఇక ధారల స్నానమంటారా, మంచునీళ్లు ఒక్కసారిగా మీద పడితే బీపీ పెరుగుతుంది. అమ్మగారికి తలపై నాలుగు చుక్కలు చల్లితే చాలు, స్వామి ఏమీ అనుకోడు!

మూడవ సమాధానం:
జోమ్‌సోమ్ ఉన్న కాళీ గండకి నది లోయలో మధ్యాహ్నం దగ్గరపడేసరికి దుమ్ము రేపుతూ బలమైన గాలి వీస్తుంది. అందుకే జోమ్‌సోమ్ విమానాలు ఉదయమే నడుస్తాయి, రద్దు కావడమూ మామూలే. ఒక రోజు చేతిలో ఉంచుకోండి. బీమా తీసుకునేటప్పుడు ఎంత ఎత్తు వరకు వర్తిస్తుందో, హెలికాప్టర్‌లో తరలించే ఖర్చు ఇస్తారో లేదో చదివి చూడండి.