నైట్ షెల్టర్‌ను సత్రం అంటే తప్పేంటి?

ఉండే చోటు లేనివాళ్లు తలదాచుకునే నైట్ షెల్టర్‌కు తెలుగు మాట ఏదని మొన్న గ్రూపులో ఒకరు అడిగారు. "రాత్రి బస కేంద్రం", "నిరాశ్రయుల వసతి గృహం" అని రెండు జవాబులొచ్చాయి. నాకు రెండూ నచ్చలేదు.

మొదటిదాంట్లో 'రాత్రి' అనడం తప్పు. పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున ఇవి ఉండాలని, ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉంచాలని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. నైట్ డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్లూ ఉంటారు కదా.

రెండోదానితో ఇబ్బంది ఇంకా పెద్దది. పోయిన చలికాలం మా వీధి చివర లేబర్ అడ్డా దగ్గర పాలమూరు మేస్త్రీ ఒకాయన షాపు మెట్ల మీద పడుకుని కనిపించాడు. సిమెంటు సంచులు కలిపి కుట్టిన పట్టా కప్పుకున్నాడు. పక్క వీధిలోనే వసతి గృహం ఉంది, వెళ్లొచ్చు కదా అన్నాను. లేచి కూర్చుని, "నేను నిరాశ్రయుణ్ణా సార్? ఊళ్ళె నాకు ఇల్లుంది. పనికొచ్చిన" అన్నాడు. బోర్డు చదివాడన్నమాట. లోపల దుప్పటి ఉంది, మంచినీళ్లున్నాయి. ఆ ఒక్క మాట ఆయన్ని గడప దాటనివ్వలేదు.

"సత్రం భోజనం, మఠం నిద్ర" అంటాం. ఇల్లు లేదన్న మాట అందులో ఎక్కడా లేదు. ఎక్కడ తింటాడో, ఎక్కడ పడుకుంటాడో అంతే. వేదకాలంలో సత్త్రం అంటే పన్నెండు రోజులకు తగ్గకుండా సాగే సోమయాగం. మిగతా యాగాల్లో యాగం చేయించుకునే యజమాని ఒకడు, ఆయన దగ్గర దక్షిణ పుచ్చుకుని దాన్ని జరిపే ఋత్విక్కులు వేరు. సత్త్రంలో ఋత్విక్కులే యజమానులు, దక్షిణే లేదు. ఇచ్చేవాడెవరు, పుచ్చుకునేవాడెవరు అన్న తేడా లేని ఆ పని పేరే తర్వాత బాటసారికి అన్నం పెట్టి చోటిచ్చే ఇంటికి వచ్చింది. ఇంత మంచి మాటను పెళ్లిళ్ల హాళ్లకు వదిలేశాం.

హైదరాబాద్‌కు సరాయి అనే మాట కూడా ఉంది. పారసీలో ఇల్లు, మేడ అని అర్థం. కుతుబ్‌షాహీల నాటి షేక్‌పేట సరాయిలో మనుషులకు గదులతో పాటు గుర్రాలకు, ఒంటెలకు కూడా చోటుండేది. నాంపల్లి స్టేషన్ దగ్గర 1919లో కట్టిన సరాయి రైలు దిగినవాళ్ల కోసం. అక్కడికి వచ్చినవాడు ముసాఫిర్, అంటే ప్రయాణికుడు.

— వ్యాఖ్య: బాగుందండీ, కానీ సత్రాలు కులాల వారీగా కట్టారు కదా. మా తాతయ్యను ఒక సత్రంలో గుమ్మం దగ్గరే ఏ కులమని అడిగి వెనక్కి పంపేశారట. ఆ మాట వింటే మా ఇంట్లో ఇప్పటికీ అదే గుర్తొస్తుంది.

— జవాబు: మీరన్నది నిజం, నేను ఆ వైపు నుంచి ఆలోచించలేదు. అయితే వట్టి సత్రం అనకుండా 'నగర సత్రం' అందామా? కులం పేరుండే చోట ఊరి పేరు ఉంటుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చెప్పండి. వాళ్లకు ఇది కూడా గుచ్చుకుంటే నేను సరాయికే ఓటేస్తాను.